ఓనరు చెవులు

దుప్పటి కట్టేటప్పుడే దేవేంద్రకు అనుమానం తగిలింది. ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు బిగించి, దాని మీద పువ్వుల దుప్పటి వేలాడదీసి, దాని వెనక రెండు సీడీ ప్లేయర్లూ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు పాడుతుందో కూర్చున్నవాళ్ళకు తెలియకూడదు అని ధనశేఖర్ అన్నప్పుడు, ఇది ప్లేయర్లకు పెట్టే పరీక్షా, నాకు పెట్టే పరీక్షా అనుకున్నాడు. అయితే పరీక్ష కావాలని అడిగింది తనే. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా తన ప్లేయరును కంబళిలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, గురుబరపల్లి దగ్గర రోడ్డు తవ్వేసిన చోట బిడ్డ తల్లిలా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ తెచ్చిందీ తనే. ఈ మిషను దొంగది. బెంగుళూరు డీలరు పైడబ్బా అసలుది ఉంచి లోపలి సరుకు మార్చేశాడు. రామచంద్రప్ప ఇంట్లో ఉన్న అసలుదాని పక్కన పెడితే గంటలో బయటపడుతుంది. బయటపడాలి. ఈ ఆదివారమే పడాలి, ఎందుకంటే రేపు సోమవారం. సోమవారం సంగతి ఇప్పుడు తలుచుకోకూడదు అనుకున్నాడు, అనుకోవడమే తలుచుకోవడం అయింది, లేబర్ ఆఫీసరు బల్లా, ఆ బల్లకు అటువైపు తన షాపు కూలీ ఏళుమలై ముఖమూ వచ్చి దుప్పటి మీది పువ్వుల మధ్యన నిలబడ్డాయి.

ఆ రకం ప్లేయరు ఈ చుట్టుపక్కల ముగ్గురి దగ్గరే ఉంది. ధనశేఖర్ హోసూరులో మోటారు సైకిళ్ళు చేసే పెద్ద కంపెనీలో పర్చేజ్ మేనేజరు. రామచంద్రప్ప తాతల నాటి మామిడి తోటలకు తోడు గుజ్జు ఫ్యాక్టరీ పెట్టినవాడు. ఇది సీజను కాబట్టి మేడ మీది ఈ గదిలోకి కూడా కిటికీ సందుల్లోంచి పులిసిన మామిడి వాసన వస్తోంది. దేవేంద్ర ఆ ధనశేఖర్ కంపెనీకే ప్రెస్సు మీద రేకు బ్రాకెట్లు కొట్టి ఇచ్చేవాడు. కూలికి ప్రెస్సు తొక్కినవాడు, ఇప్పుడు చిన్న షాపు యజమాని. ముగ్గురూ కలిస్తే తమను తాము ఓనర్లు అని పిలుచుకుంటారు. ఆ ప్లేయరుకు ఓనర్లు అని. దేవేంద్ర షాపులో కూలీలు కూడా అతన్ని ఓనరు అనే పిలుస్తారు, ఆ మాట అక్కడ ఒక రకంగా, ఇక్కడ ఇంకో రకంగా తియ్యగా ఉంటుంది. ఓనర్ల అభిప్రాయం ఏమిటంటే అని ధనశేఖర్ మొదలుపెడతాడు. శబ్దం మీద ఉన్న తెర ఎవరో లాగేసినట్టుంది అంటాడు. వాద్యానికీ వాద్యానికీ నడుమ గాలి ఆడుతోంది అంటాడు. పాడే ఆవిడ చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం వినబడుతోంది, నాలుక పళ్ళకు తగలడం వినబడుతోంది, వెనక తంబురా తీగ వెంట్రుకంత సన్నంగా మెరుస్తోంది అంటాడు. రామచంద్రప్ప కళ్ళు మూసుకుని తల ఊపుతాడు. దేవేంద్ర కూడా ఊపాడు, ఏడాది పైన ఊపాడు. ఊపుతూ వాళ్ళిద్దరి ముఖాల్లోకి దొంగచూపులు చూశాడు. ఊపిరట. ఊపిరి ఎవడికి వినబడుతుంది? పక్కన పడుకున్న పెళ్ళాం ఊపిరే వినబడదు, ఎక్కడో మద్రాసులో ఎప్పుడో పాడిన ఆవిడ ఊపిరి వీళ్ళకు వినబడుతోంది. పెద్దవాళ్ళ అబద్ధాలు ఇలాగే ఉంటాయి, ఎదుటివాడు లేదనలేని చోట చెబుతారు. ధనశేఖర్ ముందు లేదు అని ఎవడంటాడు? ఆయన నోటి మాట మీద బ్రాకెట్ల ఆర్డరు ఆడుతుంది. కాబట్టి తంబురా మెరుస్తోంది సార్, మెరుస్తోంది.

తనకు వినబడేదల్లా మృదంగం. బాగా వినబడుతుంది, ఛాతీలో తగులుతుంది. ఆడమనిషి గొంతు వినబడుతుంది, తడిబట్ట చుట్టినట్టు. గొంతు ఉంది, మాట లేదు. ఆ, ఓ, ఊ అని అచ్చులు ఒకదాని వెనక ఒకటి తేలుతూ పోతాయి, వాటి మధ్య ఉండాల్సిన స, చ, త లాంటి హల్లులను ఎవరో ఏరుకుపోయినట్టు. ఇది మిషను తప్పే అని దేవేంద్ర మొదటి నుంచీ గట్టిగా నమ్మాడు. మొదట కరెంటును అనుమానించాడు, ఫ్యాక్టరీల పక్కన కరెంటు మురికి అని ధనశేఖరే చెప్పాడు కాబట్టి. స్టెబిలైజరు మార్చాడు. వైర్లు మార్చాడు. సీడీ దొంగదని ఇంకో సీడీ తెచ్చాడు. గది తప్పని గోడకు కార్పెట్టు కొట్టించాడు. బాగలూరు రోడ్డులో టీ అంగట్లో ఉండే పాత టేపు రికార్డరే నయం, అది కనీసం ఒర్రుతుంది, ఇంత పెట్టి కొన్నది మూలుగుతోందే అని ఆఖరికి డీలరు మీదికి వచ్చాడు. డీలరు ఫోనులో ఏదో గొణిగాడు. గొణిగాడంటే దొంగే. ఈ మధ్య ఫోనులో అందరూ గొణుగుతున్నారు. అందరూ ఏదో దాస్తున్నారు. షాపు గేటు దగ్గర కూలీలు గొణుగుతారు, తను దగ్గరికి పోగానే ఆపేస్తారు. వంటింట్లో పెళ్ళాం భువన వీపు తిప్పుకుని గొణుగుతుంది. ఏమన్నావే అంటే, ఎన్ని తూర్లు చెప్పేది, చెవిలో ఏమన్నా పెట్టుకోని ఉండావా అని తిరిగి, ముఖంలో ముఖం పెట్టి, గట్టిగా, ప్రతి మాటా విడివిడిగా చెబుతుంది, అప్పుడు మాత్రం తేటగా వినబడుతుంది. ముఖం చూసి చెప్పినప్పుడు నిజం, వీపు తిప్పి చెప్పినప్పుడు కుట్ర.

దుప్పటి వెనక నుంచి ధనశేఖర్ ఏదో అన్నాడు. ఊ ఓ ఆ అని వినబడింది. పక్క కుర్చీలో రామచంద్రప్ప నవ్వాడు. దేవేంద్ర కూడా నవ్వాడు, నవ్వి, రామచంద్రప్ప వైపు ఓరగా చూశాడు. నా గురించే అన్నాడా? ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారా? పాట మొదలైంది. ముందు గొంతు ఒక్కటే, ఆపైన మృదంగం కలిసింది. ఇదే అసలుదా, నాదా? తేడా లేదు. తేడా ఉండి తీరాలి. ఇది మొద్దుగా ఉంది కాబట్టి ఇది నాది అని లోపల రాసేసుకున్నాడు. పాట ఆగింది, దుప్పటి కదిలింది, మళ్ళీ అదే పాట మొదలైంది. ఇదీ మొద్దుగానే ఉంది. అంటే రామచంద్రప్ప మిషను కూడా దొంగదే. ఆ డీలరు ఇద్దరికీ అంటగట్టాడు. ధనశేఖర్‌కు ఇందులో వాటా ఉండదని ఎలా చెప్పగలం, ఆయన సలహా మీదే కదా ఇద్దరూ కొన్నది. ఈ ఆలోచన రాగానే దేవేంద్రకు ఒంట్లో హాయిగా గాలి ఆడింది. లోకమంతా దొంగలైతే తన చెవులకు ఏ లోపమూ లేదు.

చెవుల మాట ఎందుకు వచ్చింది మధ్యలో? ఏళుమలై తెచ్చాడు ఆ మాట. షాపులో పెద్ద ప్రెస్సు మీద ఏళుమలై నిలబడతాడు. ఆ ప్రెస్సు మీదే ఒకప్పుడు దేవేంద్ర నిలబడ్డాడు. పాత యజమాని అమ్ముకున్నప్పుడు, తను కూలికి తొక్కిన ప్రెస్సునే తను కొనుక్కున్నాడు, కొన్నరోజు దానికి పసుపు రాసి కళ్ళు తుడుచుకున్నాడు. ప్రెస్సు అంటే రేకును కొట్టే యంత్రం అనుకునేవాళ్ళు దాని పక్కన నిలబడ్డవాళ్ళు కాదు. అది ముందు మనిషిని కొడుతుంది, ఆ తరవాతే రేకును. అరికాళ్ళ నుంచి దవడ దాకా ప్రతి దెబ్బా ఎక్కుతుంది. వేస్టు కాటన్ ముక్క చెవుల్లో కుక్కుకునేవాళ్ళు, చెమటకు అది జారిపోయేది. ఇంతకీ ఏళుమలై పోయిన నెల వచ్చి నిలబడ్డాడు. నా కూతురు మాట్లాడేది నాకు అర్థం కావడం లేదు ఓనరు, సన్న గొంతు కదా, నన్ను ఆ ప్రెస్సు నుంచి తప్పించి వేరే పని ఇవ్వండి, చెవులు పోయినందుకు ఏదో ఒకటి చేయండి అన్నాడు. ఎవరో నేర్పి పంపారు అనుకున్నాడు దేవేంద్ర. మరునాడు వాడి వెనక చేరి, నీ భార్య వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది అని మామూలు గొంతుతో అన్నాడు. ఏళుమలై తిరగలేదు. చూశావా ఎంత నేర్పు, పెళ్ళాం వచ్చిందంటే కూడా మెడ కదలలేదు, ఏ నాటకంలో ఆడినా గెలుస్తాడు అని ఆ సాయంత్రం భువనకు చెప్పి నవ్వాడు. భువన నవ్వలేదు. వాడు లేబర్ ఆఫీసరు దగ్గరికి పోయాడు. ఆఫీసరు పిలిపిస్తే దేవేంద్ర పోయి ఛాతీ విరుచుకుని చెప్పాడు. సార్, అదే ప్రెస్సు మీద నాకు మీసం మొలిచినప్పటి నుంచి నెరిసేదాకా నేను నిలబడ్డాను, నా చెవులకు ఏమైంది? పాడే మనిషి ఊపిరి కూడా వినిపించే ఫారిన్ మిషను నా ఇంట్లో ఉంది, వినబడనివాడు దాన్ని కొంటాడా? ఆఫీసరు మెచ్చుకున్నట్టు చూశాడు. సరే, సోమవారం వచ్చి ఇదే మాట వాడి ఎదుట చెప్పు, ఫైలు మూసేద్దాం అన్నాడు. ధనశేఖర్ కూడా భుజం తట్టి, గట్టిగా నిలబడు, ఒకడికి ఒప్పుకుంటే హోసూరులో ఉన్న ప్రతి ప్రెస్సు వాడూ చెవి పట్టుకుని వస్తాడు అన్నాడు.

అందుకే మిషను దొంగది కావాలి. మిషను దొంగదైతే చెవులు మంచివి, చెవులు మంచివైతే ఏళుమలై దొంగ. ఇంత చిన్న లెక్క, చిన్నపిల్లాడు కూడా చేస్తాడు. మరి కళ్ళు ఎందుకు దుప్పటి అంచు కింద ధనశేఖర్ కాళ్ళను చూస్తున్నాయి? ఆ కాళ్ళు ఏం చెప్పగలవు? నోరు కనబడాలి. ధనశేఖర్ నోరు కనబడితే ఏమన్నాడో తెలిసేది. ప్రెస్సు షాపులో నోటి మాట వినడం అనేది ఎప్పుడూ లేదు, చూడటమే. పెదాలు గుండ్రంగా అయితే నూనె, పళ్ళు కనబడితే టీ, రెండు వేళ్ళు ఎత్తితే సూపర్‌వైజరు వస్తున్నాడని. ఆ గోలలో రాజప్ప అనేవాడు కథలు చెప్పేవాడు, బూతు కథలు, ఒక్క శబ్దం లేకుండా, పెదాలతోనే, అందరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. షిఫ్టు దిగి వచ్చాక కూడా తను మనుషుల నోళ్ళే చూసేవాడు. నువ్వు నా ముఖం ఎంత ఆశగా చూస్తావు అని పెళ్ళయిన కొత్తలో భువన మురిసిపోయింది. ఆశ కాదు. ఏమిటిది, ఆశ కాక ఇంకేమిటి? దేవేంద్ర కుర్చీలో కదిలాడు. ఇంకో మాట గుర్తొచ్చింది, గుర్తు రావద్దనుకున్నా వచ్చింది. హోసూరులో ఎవడైనా ఏదైనా అంటే, అర్థం కాకపోతే ఏమి అంటాం తెలుగులో. వాడు తెలుగులో మళ్ళీ చెబుతాడు. అప్పటికీ తెలియకపోతే ఎన్న అంటాం, వీడు అరవం వాడేమో అని అరవంలో చెబుతాడు. ఇంకా తెలియకపోతే ఏను అంటే, ఆహా కన్నడం మనిషా అని కన్నడంలో. ఒకే మాట మూడు భాషల్లో మూడు మాట్లు చెవిలో పడుతుంది, మూడింట్లో ఏదో ఒక తునక చిక్కుతుంది, మిగతాది అల్లుకుంటాం. దేవేంద్ర ఎవరితోనైనా వాళ్ళ భాషలోనే మాట్లాడతాడు, మర్యాదస్థుడు అని ఊళ్ళో పేరు. ఏ ఊళ్ళో ఉన్నా ఎప్పుడో దొరికిపోయేవాణ్ణి, హోసూరు కాబట్టి మర్యాదస్థుణ్ణయ్యాను అనే ఆలోచన పురుగులా మెడ మీద పాకింది. దులిపేశాడు. పాకింది మళ్ళీ. తళి నుంచి భువన అన్న లక్ష్మణప్ప వచ్చినప్పుడు, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి సాలు బావా సాలు అంటే, పాలు అని విని సాంబారు అన్నంలో పాలు పోశాడు తను. అందరూ విరగబడి నవ్వారు, బావ ఎగతాళి ఇట్లుంటుందప్పా అని లక్ష్మణప్ప ఆ పాలసాంబారు తిన్నాడు కూడా. తనూ నవ్వాడు, కావాలనే పోశానన్నాడు. భువన ఒక్కతే గరిటె పట్టుకుని తన వైపు చూస్తూ నిలబడింది. ఆ చూపును ఇన్నాళ్ళూ కోపం అనుకున్నాడు.

పాట ఆగిపోయింది. మృదంగం పోయింది, గొంతు పోయింది, గదిలో ఏమీ లేదు. అయిందేమో అని దేవేంద్ర గొంతు సవరించుకుని, మొదటిదే మొద్దు, నాదే దొంగది అని చెప్పడానికి సిద్ధపడి రామచంద్రప్ప వైపు తిరిగాడు. రామచంద్రప్ప కళ్ళు మూసుకునే ఉన్నాడు. కుడి చేతి వేలు తొడ మీద తాళం వేస్తోంది. నిదానంగా, సమంగా, ఒక్క దెబ్బ కూడా తప్పకుండా. దేనికి వేస్తున్నాడు? ఏమీ లేని దానికి తాళమా? దొరికాడు, దొంగ దొరికాడు అనుకున్నాడు దేవేంద్ర, నటన ఎక్కువై పాట ఆగిందని కూడా చూసుకోలేదు, వీళ్ళ ఊపిరీ, వీళ్ళ గాలీ అంతా ఇంతే. నవ్వు తన్నుకొచ్చింది. సరిగ్గా అప్పుడే రామచంద్రప్ప తల్లి, పేరు చిన్నమ్మ, మామిడి ముక్కల పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చింది. ఆమెకు ప్లేయరు ఒకటైనా పదైనా ఒకటే. ఓనర్ల గొడవ ఆమెకు తెలియదు, తెలిసినా పట్టదు. వచ్చి, పళ్ళెం బల్ల మీద పెట్టి, దేవేంద్ర ముఖంలోకి చూస్తూ అంది.

"ఎవురప్పా ఈ యమ్మ, గజ్జెలు కట్టుకోని తిరగతా ఉండాది? గజ్జెలు ఎంత ముద్దుగా ఇనబడతా ఉండాయో."

ఆమె పెదాలు కనబడ్డాయి కాబట్టి ప్రతి మాటా తెలిసింది. గజ్జెలు. దేవేంద్ర లేచాడు. ఏమి చేస్తున్నావప్పా అన్నట్టు రామచంద్రప్ప కళ్ళు తెరిచాడు. దేవేంద్ర రెండంగల్లో పోయి దుప్పటి పక్కకు లాగాడు. ధనశేఖర్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. రెండు ప్లేయర్లలో ఒకటి చీకటిగా ఉంది. రెండోదాని ముందు అద్దంలో నీలి అంకెలు నడుస్తున్నాయి, ఒకటి పోయి ఒకటి వస్తున్నాయి, ఆగకుండా. దాని పక్కన తన కంబళి ఉన్నిపోగు అంటుకుని ఉంది. తన మిషనే. పాడుతోంది. ఇంత సేపూ పాడుతూనే ఉంది. దేవేంద్ర ఒంగి చెవిని స్పీకరు మీదికి తీసుకుపోయాడు, మేనేజరు ముందు అలా ఒంగడం బాగుండదని కూడా తోచలేదు. స్పీకరు గుడ్డ చెంపకు తగిలింది. ఏమీ లేదు. బావిలోకి వంగినట్టు ఉంది. లోపల ఎవరో కాళ్ళకు గజ్జెలు కట్టుకుని తిరుగుతోంది, ఇంటివాళ్ళందరికీ తెలుసు, తనకు తెలియదు. డీలరు దొంగ కాడు. రామచంద్రప్ప నటించలేదు. ఫోనులో ఎవరూ గొణగలేదు. గేటు దగ్గర కూలీలు మామూలుగానే మాట్లాడుకున్నారు. భువన వంటింట్లో ఇన్నేళ్ళుగా తనతోనే మాట్లాడింది, వీపు తిప్పి, అన్నం వార్చుకుంటూ, లోకంలో ఆడవాళ్ళందరూ మాట్లాడినట్టు, జవాబు కోసం. అందరి మీదా అనుమానం పెట్టుకున్నవాడికి అనుమానాలన్నీ ఒక్కసారి చేతిలోంచి పడిపోతే ఏం మిగులుతుంది? ఒకటి మిగిలింది. పెళ్ళాం వచ్చిందన్నా తిరగని ఆ మెడ. నూనె మరకల బనియను పైన సన్నటి మెడ, కదలకుండా.

పాట అయిపోయిందేమో, అంకెలు ఆగాయి. ధనశేఖర్ స్టూలు మీది నుంచి లేచి, చేతులు దులుపుకుని, ఎదురుగా నిలబడి అడిగాడు, నోరు బాగా కనబడుతోంది.

"చెప్పు దేవేంద్రా. ఓనరు అభిప్రాయం ఏమి?"

"నాకేమీ ఇనబడలేదు సార్."

 ధనశేఖర్ ముఖం విచ్చుకుంది. రామచంద్రప్ప భుజం మీద చరిచి, విన్నావా, ఇన్నాళ్ళకు సరైన మాట అన్నాడు ఇతను, నిశ్శబ్దం, దీని గొప్పంతా ఆ నిశ్శబ్దంలోనే ఉంది, మిషను ఉందని కూడా తెలియనివ్వదు, అమావాస్య ఆకాశంలాంటి నలుపు, దాని మీద గజ్జె ఒక్కటీ చుక్కలా వచ్చి పడుతుంది, మనం ఇంత కాలం చెప్పలేకపోయింది ఒక్క ముక్కలో చెప్పాడు అని పొంగిపోయాడు. రామచంద్రప్ప అవునవునన్నాడు. చిన్నమ్మ పళ్ళెం ముందుకు జరిపింది. దేవేంద్ర చూశాడు. తలుపు ఎంత బాగా తెరుచుకుంది. తను తెరవలేదు, వాళ్ళే తెరిచి పట్టుకున్నారు. నిజం చెబితే అది మెప్పుగా మారింది. ఈ తలుపులోంచి దూరి ఇంటికి పోవచ్చు, రేపు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసరు ముందు నిలబడవచ్చు, చెవిటివాడని ఎవడూ కనిపెట్టలేడు, మూడు భాషలున్నాయి, మర్యాద ఉంది, ఫారిన్ మిషను ఉంది, ధనశేఖర్ సాక్ష్యం ఉంది. ఎదురుగా నిలబడేవాడు కూడా చెవిటివాడే, వాడు తన పెదాలే చూస్తాడు. రేపు ఆ బల్ల దగ్గర తను అబద్ధం చెబుతుంటే దాన్ని ఒక్క అక్షరం పోకుండా చదవగలిగేవాడు ఆ ఆఫీసులో ఏళుమలై ఒక్కడే. ఎందుకంటే వాడూ నేర్చుకుంది ఆ ప్రెస్సు దగ్గరే.

 దేవేంద్ర చీకటిగా ఉన్న ప్లేయరు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మిషను మాట కాదు సార్. మిషను బాగుండాది. పోయింది నా చెవులు. ఏళుమలై చెప్పింది నిజము. రేపు ఆడ పోయి అదే చెప్తాను."

 రామచంద్రప్ప తన అరచేతిని చూసుకున్నాడు. చిన్నమ్మ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూసి, తనకు సంబంధం లేని సంగతి ఏదో పడిందని పసిగట్టి, కొంగు సర్దుకుని బయటికి నడిచింది. ధనశేఖర్ ముఖంలో విచ్చుకున్నదంతా మెల్లగా మూసుకుంది. ఆయన నోరు తెరిచాడు, దేవేంద్ర ఆ నోటి మీద కళ్ళు నిలిపాడు, బ్రాకెట్ల ఆర్డరు ఆ పెదాల మీదే ఉందని ఇద్దరికీ తెలుసు. అయితే ధనశేఖర్ మాట బయటికి రాకముందే పక్కకు తిరిగిపోయాడు. వీపు ఇటు పెట్టి, రామచంద్రప్ప వైపు వంగి, ఏదో అన్నాడు. చాలాసేపే అన్నాడు. ఓ, ఊ, ఆ. ఇన్నాళ్ళూ ఇలాంటప్పుడు దేవేంద్ర నవ్వేవాడు, లేదా ఏమి, ఎన్న, ఏను అని తనకు తోచిన భాషలో తడిమేవాడు. ఈసారి రెండూ చేయలేదు.

"నా తట్టు తిరిగి చెప్పండి సార్," అన్నాడు.